రిపోర్టులో ‘హెచ్’ అంటే హార్టు కాదు: గుంటూరు, విజయవాడ వైద్యులకూ ల్యాబుల నిర్వాహకులకూ బహిరంగ లేఖ

గుంటూరు కొత్తపేటలోనూ విజయవాడ సూర్యారావుపేటలోనూ ప్రాక్టీసు చేస్తున్న గౌరవనీయ వైద్యులకూ, ఆ చుట్టుపక్కల రక్తపరీక్షా కేంద్రాలు నడుపుతున్న నిర్వాహకులకూ నమస్కారాలు.

నేను వైద్యుణ్ని కాను. గుంటూరు బ్రాడీపేటలో ముప్ఫై నాలుగేళ్లు మందుల షాపు నడిపి, మూడేళ్ల కిందట దాన్ని మా అబ్బాయికి అప్పగించిన ఫార్మసిస్టును. ఇప్పటికీ సాయంత్రం పూట రెండు గంటలు కౌంటరు దగ్గర కూర్చోకపోతే నాకు పొద్దు గడవదు. మీ చేతిరాతను మీకంటే వేగంగా చదువుతానని మా షాపు కుర్రాళ్లు వేళాకోళం చేస్తుంటారు. ఇన్నేళ్లు మీ చీటీలు చదివిన చనువుతోనే ఈ లేఖ రాస్తున్నాను; ఎక్కడైనా హద్దు మీరితే పెద్దమనసుతో మన్నించగలరు.

కిందటి వేసవిలో పొన్నూరు వైపు నుంచి ఒక పెద్దమ్మ మా షాపుకు వచ్చింది. అరవై దాటి ఉంటాయి. ప్లాస్టిక్ సంచిలోంచి రిపోర్టు తీసి కౌంటరు మీద పరిచి, ఒక వరుస మీద వేలు పెట్టి, “బాబూ, ఇక్కడ హెచ్ అని వేశారు, హెచ్ అంటే హార్టేనా?” అని అడిగింది. ఆ వరుసలో యూరిక్ యాసిడ్ 7.1 అని లావుపాటి అక్షరాల్లో ఉంది, దాని పక్కన ఇంగ్లీషులో ఒక హెచ్. ఎక్కువ అని చెప్పడానికి ఆ అక్షరం వేస్తారమ్మా, హార్టు కాదు అన్నాను. ఆమె నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం ఉంది: చీటీలో యూరిక్ యాసిడ్‌ను తగ్గించే ఫెబుక్సోస్టాట్ 40 రాసి, ఇది వాడకపోతే గుండెకు ప్రమాదమని చెప్పి పంపారట. కాలి బొటనవేలు ఎప్పుడైనా వాచి ఎర్రబడిందా అంటే లేదంది. మూత్రంలో రాయి పడిందా అంటే అదీ లేదంది. అదే సంచిలో ఆమె నాలుగేళ్లుగా రోజూ వేసుకుంటున్న బీపీ మాత్రల అట్ట కూడా ఉంది. చిత్రంగా, ఆ మాత్ర పేరు చివర కూడా ఒక హెచ్ ఉంది.

ఆ రెండో హెచ్ హైడ్రోక్లోరోథయజైడ్‌ది. జనం ‘నీరు పోయే మాత్ర’ అంటారే, ఆ జాతి మందు. బీపీని బాగా తగ్గిస్తుంది, చవక, దశాబ్దాలుగా పనిచేస్తున్నది. రక్తంలో యూరిక్ యాసిడ్‌ను పెంచడం కూడా దాని పాత గుణమే. అట్ట మీది హెచ్ రిపోర్టులోని హెచ్‌ను తెచ్చిపెట్టి ఉండవచ్చునన్న అనుమానం ఎవరికీ రాలేదు. రెండూ ఒకే సంచిలో ఊరి నుంచి ఊరికి ప్రయాణం చేశాయి గానీ, వాటిని పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

ఈ లేఖ ఆ ఒక్క చీటీ కోసం రాస్తున్నది కాదు. ప్యాకేజీ పరీక్షలు అపార్టుమెంట్ల సెల్లార్లలోకీ, ఉదయం నడకకు వెళ్లే మైదానాల గేట్ల దగ్గరికీ వచ్చినప్పటి నుంచి, ఒంట్లో ఏ బాధా లేని మనుషులు “నాకు యూరిక్ యాసిడ్ ఉందటండీ” అంటూ మా కౌంటరు దగ్గరికి వస్తున్నారు. అది అందరికీ ఉంటుంది, లేనివాడు లేడు. ఎంత ఉంది, ఎందుకు ఉంది అన్నవే అడగవలసిన ప్రశ్నలు. నా మనవి కూడా ఇక్కడే ఉంది. లక్షణాలేవీ లేని మనిషి రిపోర్టులో యూరిక్ యాసిడ్ ఎక్కువగా కనిపిస్తే, అది ఆ మనిషి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, కిడ్నీల పనితీరు, వాడుతున్న మందులు చూడడానికి కారణం కావాలి గానీ, గుండె రక్షణ పేరుతో ఆ అంకెను తగ్గించే మాత్ర రాయడానికి కారణం కాకూడదు.

మీకు తెలిసినవే అయినా, ఈ లేఖను రోగులు కూడా చదువుతారు గనుక కొన్ని సంగతులు చెప్పుకోవాలి. కణాలు పాతబడి మారుతున్నప్పుడు వాటిలోంచి వచ్చే ప్యూరిన్లు అనే పదార్థాలు, మనం తిన్న మాంసంలోనూ చేపల్లోనూ ఉండే ప్యూరిన్లు, చివరకు శాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము వల్ల యూరిక్ యాసిడ్‌గా మారతాయి. చాలా జంతువులకు దాన్ని ఇంకా విడగొట్టే యూరికేజ్ అనే ఎంజైము ఉంది; మనకు అది పరిణామక్రమంలో ఎప్పుడో పోయింది. కాబట్టి దాదాపు మూడింట రెండు వంతులు మూత్రపిండాల ద్వారానూ, మిగిలినది పేగుల ద్వారానూ బయటికి పంపుకోవలసిందే. డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది రక్తంలో పూర్తిగా కరిగి ఉండలేక, స్ఫటికాలుగా కీళ్లలో పేరుకునే వీలు కలుగుతుంది. వీలు కలుగుతుందన్నానే గానీ పేరుకుని తీరుతుందనలేదు. ఎనిమిది ఉన్నా జీవితంలో ఒక్కసారి కూడా బొటనవేలు వాయని వాళ్లు నా ఖాతాదారుల్లోనే చాలామంది ఉన్నారు.

గుండెజబ్బుతో దీనికి సంబంధం లేదని నేను అనడం లేదు. పొట్ట పెరిగి, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైన మనిషిలో ఆ ఇన్సులినే మూత్రపిండాలు యూరిక్ యాసిడ్‌ను వెనక్కి పీల్చుకునేలా చేస్తుంది. కిడ్నీ కాస్త మందగించినా అది రక్తంలో మిగిలిపోతుంది. బీపీ ఉన్నవారిలో, షుగరు ఉన్నవారిలో, బీరూ తీపి కూల్‌డ్రింకులూ అలవాటైనవారిలో అది ఎక్కువగా ఉంటుంది. ఇవన్నీ గుండెకు కూడా శత్రువులే. కాబట్టి యూరిక్ యాసిడ్ ఎక్కువున్న వెయ్యిమందిని తీసుకుంటే, వారిలో గుండెపోట్లు ఎక్కువగా కనబడడంలో వింత లేదు. కానీ పెళ్లివారి బస్సులోంచి దిగినవాళ్లంతా పెళ్లికొడుకులు కారు. ఆ అంకె గుండెకు హాని చేస్తోందా, హాని చేసేవాళ్లతో కలిసి ప్రయాణం చేస్తోందా అన్నది తేల్చుకోకుండా మాత్ర రాయడం తొందరపాటు.

ఈ తర్జనభర్జన నిన్నమొన్నటిది కాదు. బీపీ పెరగడం వెనక యూరిక్ యాసిడ్ ఉండవచ్చునని 1879లోనే లాన్సెట్ పత్రికలో రాసినవాడు లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్. పాట్నా నుంచి వెళ్లి బ్రైటన్‌లో స్నానశాల పెట్టిన షేక్ దీన్ మహమ్మద్‌కు ఆయన మనవడు. బీపీ కొలిచే పట్టీ ఇంకా పుట్టని కాలంలో నాడి తీరును గీత గీయించి చూసి ఆ మాట అన్నాడంటే, మన రక్తం వాడని కాస్త గర్వంగానే ఉంటుంది. నూట ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ ప్రశ్న తెగలేదు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ ఊరి జనాన్ని తరతరాలుగా పరిశీలిస్తున్న పరిశోధకులు, మిగతా కారణాలన్నీ లెక్కలోకి తీసుకుంటే యూరిక్ యాసిడ్‌కు గుండెజబ్బులో సొంతపాత్ర కనబడడం లేదని 1999లో రాశారు. మరుసటి ఏడాదే అదే దేశపు ఇంకో పెద్ద సర్వే సొంతపాత్ర ఉన్నదని చెప్పింది. కొత్తగా బీపీ వచ్చిన 30 మంది పిల్లలకు యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అల్లోప్యూరినాల్ అనే మందు ఇస్తే బీపీ తగ్గిందని 2008లో ఒక చిన్న పరీక్ష తేల్చింది, కానీ పెద్దవాళ్లలో ఆ ఫలితం నిలకడగా కనబడలేదు. పుట్టుకతోనే యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉండే జన్యువులు గలవారికి గుండెపోట్లు కూడా ఆ మేరకు ఎక్కువగా రావాలి కదా అని వెతికిన పరిశీలనల్లో ఎక్కువ భాగం అలాంటిదేమీ చూపలేకపోయాయి.

ఇలా చర్చ సాగుతుండగా, సూటిగా అడగవలసిన ప్రశ్నను సూటిగా అడిగిన పరీక్ష ఒకటి బ్రిటన్‌లో జరిగింది. దాని పేరు ఆల్-హార్ట్. ఫలితాలు 2022లో లాన్సెట్‌లో వచ్చాయి. అరవై దాటి, గుండె రక్తనాళాల జబ్బు ఉండి, గౌట్ (యూరిక్ యాసిడ్ స్ఫటికాలు పేరుకుని కీళ్లు వాచే జబ్బు) మాత్రం లేని 5,721 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి వారి మామూలు మందులకు తోడు అల్లోప్యూరినాల్ రోజుకు 600 మిల్లీగ్రాముల దాకా ఇచ్చారు; రెండో వర్గానికి ఇవ్వలేదు. సగటున ఐదేళ్లకు కాస్త తక్కువ కాలం గమనించారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం, ఈ మూడింటినీ కలిపి చూస్తే మందు వాడినవారిలో 11.0 శాతం, వాడనివారిలో 11.3 శాతం. అంటే తేడా లేనట్టే. అప్పటికే గుండెజబ్బు ఉన్నవారికే ఉపయోగపడని పని, పొన్నూరు పెద్దమ్మకు ఎలా ఉపయోగపడుతుందో నాకు అర్థం కావడం లేదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, దిద్దుకుంటాను.

ఇక ఫెబుక్సోస్టాట్ సంగతి. గుండెజబ్బు ఉన్న 6,190 మంది గౌట్ రోగుల్లో దాన్ని అల్లోప్యూరినాల్‌తో పోల్చిన కేర్స్ పరీక్ష 2018లో వచ్చింది. అందులో గుండె సంబంధిత మరణాలు ఫెబుక్సోస్టాట్ వర్గంలో 4.3 శాతం, అల్లోప్యూరినాల్ వర్గంలో 3.2 శాతం. దాని మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో ఆ మందుకు గట్టి హెచ్చరిక జతచేయించింది. న్యాయంగా చెప్పాలంటే, ఐరోపాలో 6,128 మందితో జరిగిన ఫాస్ట్ పరీక్ష 2020లో ఆ భయాన్ని చాలావరకు తగ్గించింది. కేర్స్‌లో సగానికి పైగా మనుషులు మందు మధ్యలోనే మానేశారన్నది కూడా గుర్తుంచుకోవాలి. గౌట్ ఉన్న మనిషికి ఆ మందు అవసరమైతే రాయండి, అది మీ విజ్ఞత. కానీ గుండె విషయంలో గట్టి హెచ్చరిక పడిన మందునే, గౌట్ లేని మనిషికి గుండెను కాపాడే మందంటూ ఇవ్వడం చూస్తే, కౌంటరు వెనక నిలబడ్డ నాకు నోట మాట రాదు.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా పెద్ద తోడల్లుడు గారు విజయవాడలో ఉంటారు. 2019లో వాళ్ల అపార్టుమెంటులో జరిగిన ప్యాకేజీ పరీక్షలో యూరిక్ యాసిడ్ 7.9 వచ్చింది. ఒక క్లినిక్‌లో మాత్ర రాసి, పప్పు, పాలకూర, గోంగూర మానేయమన్నారు. మా వదినగారు ఆ మాట తు.చ. తప్పకుండా పాటించారు. ఆ ఇంట్లో ముద్దపప్పు, ఆవకాయ కలిసి కనబడక పధ్నాలుగు నెలలయింది. అదే రిపోర్టులో మూడు నెలల షుగరు సగటు 7.2, చెడు కొలెస్ట్రాల్ 168 ఉన్నాయి. పై అంచున పెన్నుతో రాసిన బీపీ 152/96 ఉంది. వాటికి ఎవరూ మందు రాయలేదు, ఆయనా అడగలేదు. సిగరెట్టు మానమని ఎవరైనా గట్టిగా చెప్పారో లేదో తెలియదు, ఆయన మానలేదు. పదిహేనో నెలలో ఛాతీ పట్టేసి ఆసుపత్రికి తీసుకువెళ్తే రెండు స్టెంట్లు వేశారు. ఆ రోజు క్యాజువాలిటీలో తీసిన రక్తంలో యూరిక్ యాసిడ్ ఎంతో తెలుసా? 5.8. అంకె దివ్యంగా ఉంది! తప్పు ఆ క్లినిక్‌ది ఒక్కటే అనను. ఆ కాగితం నేనూ చూశాను, లావుపాటి అక్షరాల దగ్గరే నా చూపూ ఆగిపోయింది.

పప్పు మాట వచ్చింది గనుక అదీ చెప్పాలి. మన వాళ్లు తినే మాంసకృత్తుల్లో కందిపప్పు, పెసరపప్పులకు ముఖ్యమైన చోటు ఉంది. అమెరికాలో 47,150 మంది మగవారిని పన్నెండేళ్లు గమనించి 2004లో ప్రచురించిన పరిశీలనలో మాంసం, చేపలు, రొయ్యలు ఎక్కువ తిన్నవారికి గౌట్ ఎక్కువగా వచ్చింది. ప్యూరిన్లు ఉన్న కూరగాయలు, పప్పుల వల్ల రాలేదు. పాలు, పెరుగు తీసుకునేవారిలో తగ్గింది కూడా. కాబట్టి ఆదివారం తలకాయ కూర, లివరు వేపుడు, బీరు సీసాల గురించి అడగండి. రోజుకు నాలుగు తీపి కూల్‌డ్రింకులు తాగే కుర్రాణ్ని అడగండి, ఎందుకంటే పంచదారలో సగం ఫ్రక్టోజే, అది కాలేయంలో ఖర్చయ్యేటప్పుడు యూరిక్ యాసిడ్ పుడుతుంది. పెద్దమ్మ కంచంలోంచి మాత్రం పప్పు తీయకండి. అది తీసేస్తే ఆమె అన్నం ఎక్కువ తింటుంది, షుగరు ఎక్కుతుంది.

ఒక వైపు అక్కర్లేనివాళ్లకు మాత్రలు పోతుంటే, నిజంగా గౌట్ ఉన్నవాళ్లకు అరకొర వైద్యం అందుతున్నది. ఈ విషయంలో మొదటి దోషం మా మందుల షాపులదే. మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీ ఒకతను ఏడాదికి మూడు సార్లు, ముఖ్యంగా ఎండాకాలంలో చెమట పోసి నీళ్లు చాలని రోజుల్లో, వాచిన బొటనవేలితో చెప్పు చేత్తో పట్టుకుని కుంటుకుంటూ వచ్చేవాడు. చీటీ లేకుండానే డైక్లోఫినాక్ అనే నొప్పి మాత్రలు ఐదు ఇచ్చి పంపేవాళ్లం. ఆ మందు బీపీని పెంచుతుందనీ, కిడ్నీనీ గుండెనూ ఇబ్బంది పెడుతుందనీ నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను. అతని బీపీ ఒక్కసారి కూడా చూడలేదు. వాపు ఉన్న రోజునే రక్తపరీక్ష చేయిస్తే యూరిక్ యాసిడ్ మామూలుగా కనబడవచ్చన్నది తెలియక, ఒకసారి 6.2 వచ్చిందని అతనిది గౌటే కాదని పంపేసినవాళ్లు కూడా ఉన్నారు. అలాంటి మనిషికి డాక్టరు పర్యవేక్షణలో అల్లోప్యూరినాల్ 100తోనో అంతకంటే తక్కువతోనో మొదలుపెట్టి, ఒంటిమీద దద్దుర్లు వస్తే ఆ క్షణమే ఆపమని మరీ మరీ చెప్పి, యూరిక్ యాసిడ్ 6 కంటే కిందికి వచ్చేదాకా మోతాదు పెంచి, ఏళ్ల తరబడి కొనసాగించాలి. వాపు తగ్గగానే అతను మాత్ర మానేస్తే మందలించి మళ్లీ మొదలుపెట్టించాలి.

గుండెతో అసలైన ముడి కూడా ఇలాంటి మనిషి దగ్గరే ఉంది. బ్రిటన్‌లో 62,574 మంది గౌట్ రోగుల వివరాలు పరిశీలించి 2022లో ప్రచురించిన పరిశోధనలో, గుండెపోటో పక్షవాతమో వచ్చినవారిలో అంతకు ముందు అరవై రోజుల్లోపల గౌట్ నొప్పి తిరగబెట్టి ఉండే అవకాశం, అవి రానివారితో పోలిస్తే రెట్టింపుకు దగ్గరగా ఉన్నదని తేలింది. స్ఫటికాలు కీలులో రేపిన మంట ఒంట్లో మిగతా చోట్లకూ పాకుతుందేమోనని అనుమానం. అందువల్ల వాచిన బొటనవేలితో వచ్చిన మనిషికి బీపీ పట్టీ చుట్టడం, షుగరు, కొలెస్ట్రాల్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడడం, బీడీ, సిగరెట్టు గురించి అడగడం ఆ రోజే జరగాలని నా ప్రార్థన. అంత పని ఏడు దాటిన అంకెతో నవ్వుతూ వచ్చిన మనిషి విషయంలో కూడా చేయండి. మాత్ర మాత్రం మొదటివాడికే.

మందుల అట్టలన్నీ తెచ్చి చూపించమని అడగడం మీకు ఒక నిమిషం పని. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఫ్యూరోసెమైడ్ అనే నీరు పోయే మాత్రలు అంకెను పెంచుతాయి. బీపీ మందు లోసార్టన్ కాస్త తగ్గిస్తుంది. స్టెంటు ఉన్నవారు వేసుకునే 75 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్ కూడా కొద్దిగా పెంచుతుంది, అయినా దాన్ని ఆపే ప్రసక్తి లేదు. ఈ లేఖ చదివే రోగులకు కూడా చేతులు జోడించి చెబుతున్నాను: ఇది చూసి బీపీ మాత్ర గానీ ఆస్ప్రిన్ గానీ మీ అంతట మీరు మానవద్దు. మార్చడం డాక్టరు గారి పని.

పొన్నూరు పెద్దమ్మను కూడా నేను అలాగే పంపాను, అదే డాక్టరు గారి దగ్గరికి, అట్టనూ రిపోర్టునూ కలిపి పిన్ను కొట్టి. ఆయన విసుక్కోలేదు. రెండూ చూసి, బీపీ మాత్ర మార్చి, ఫెబుక్సోస్టాట్ కొట్టేసి, క్రియాటినిన్ పరీక్ష రాశారు. రెండు నెలల తర్వాత ఆమె తెచ్చిన రిపోర్టులో యూరిక్ యాసిడ్ 5.9, బీపీ కూడా అదుపులోనే ఉంది. తీరిక లేని ఓపీలో రెండు కాగితాలు ఒకేసారి కంటపడకపోవడమే జరిగింది తప్ప ఆయనకు తెలియక కాదు.

ల్యాబుల నిర్వాహకులకు నా విన్నపం చాలా చిన్నది. తెలుగువాళ్లకు ఇచ్చే రిపోర్టులో ఆ ఒంటి అక్షరానికి బదులు ‘ఎక్కువ’ అని తెలుగులో వేయండి. యూరిక్ యాసిడ్ వరుస కింద ఈ రెండు వాక్యాలు అచ్చు వేయండి: “ఈ అంకె ఒక్కటి ఎక్కువగా ఉన్నంత మాత్రాన గుండెజబ్బు ఉన్నట్టు కాదు. మీరు వాడుతున్న మందులన్నీ తీసుకుని, బీపీ, షుగరు, క్రియాటినిన్ ఫలితాలతో డాక్టరును కలవండి.” మీ కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు సరిగా పడకపోతే, టైపు చేసి, తప్పులు దిద్ది ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా షాపులోనే ఉంటాను.

ఇట్లు,
విశ్రాంత ఫార్మసిస్టు,
బ్రాడీపేట, గుంటూరు